సెలవు పెట్టారు సరే, పని ఎవరికి అప్పజెప్పారు?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం అలసట గురించే. వయసులు వేరు, ఉద్యోగాలు వేరు, బాధ మాత్రం ఒకటే: సెలవు తీసుకున్నా తేరుకోలేకపోతున్నామని. ఒక సంస్థలో ఉద్యోగుల ఆరోగ్యం చూసే డాక్టరుగా చాలా ఏళ్ళు పనిచేశాను కాబట్టి ఈ మాట నేను వినీ వినీ ఉన్నాను. అందుకే ఈ సంచికలో పేజీ మొత్తం దీనికే ఇస్తున్నాను. ఉత్తరాలు కాస్త కుదించాను, పేర్లు తీసేశాను.

ప్రశ్న: నాకు ముప్పై ఆరేళ్ళు. ఆఫీసులో ఒక టీమ్‌కి లీడ్‌ని. రెండేళ్ళుగా గట్టిగా సెలవు పెట్టింది లేదు. మొన్న ఎలాగో వారం రోజులు లీవ్ దొరికితే పిల్లలతో సముద్రం చూడటానికి వెళ్ళాం. అవసరం పడితే ఉంటుందని లాప్‌టాప్ కూడా పట్టుకెళ్ళాను. పొద్దున ఒకసారి, రాత్రి ఒకసారి మెయిల్ చూసుకున్నాను. తప్పక రెండు కాల్స్‌లో కూర్చున్నాను. తిరిగొచ్చి ఆఫీసుకి వెళ్ళిన మూడో రోజుకే మళ్ళీ అదే తలబరువు, అదే చిరాకు. అంత ఖర్చు పెట్టి వెళ్ళి ఏం లాభం? అసలు ఉద్యోగమే మానేస్తే బాగుంటుందేమో అనిపిస్తోంది. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, మీరు రాసినదాన్ని బట్టి చూస్తే ఊరు మారింది గానీ పని మారలేదు. రోజుకి రెండుసార్లే కదా, పావుగంటే కదా చూసింది అనుకుంటున్నారు. ఆ పావుగంట తర్వాత ఏం జరుగుతుందో చూద్దాం. రాత్రి తొమ్మిదింటికి, పిల్లలు పడుకున్నాక మెయిల్ తెరిచారు. అందులో ఒకళ్ళు ఒక లైను రాశారు: ‘ఈ విషయం మీరు వచ్చాక మాట్లాడదాం.’ జవాబు ఇవ్వాల్సింది కూడా ఏమీ లేదు. ఫోన్ పక్కన పెట్టేశారు. కానీ ఏ విషయం? కోపంగా రాశారా, మామూలుగానే రాశారా? ఆ పాత బిల్లు గొడవేనా? లైటు తీసి పడుకున్నా ఆలోచన ఆగదు. మర్నాడు పిల్లలు నీళ్ళలో గంతులేస్తుంటే మీరు ఒడ్డున కూర్చుని దానికి సమాధానాలు సిద్ధం చేసుకుంటూ ఉంటారు. చదవడానికి అర నిమిషం పట్టిన లైను ఒక పూట తినేసింది.

ఒళ్ళు కూర్చున్నంత మాత్రాన మనకి విశ్రాంతి అందదు. పనిలో ఉన్నప్పుడు గుండె, రక్తపోటు, ఒత్తిడి హార్మోన్లు అన్నీ కాస్త పైస్థాయిలో నడుస్తాయి. పని ఆగాక అవి మామూలు స్థాయికి దిగాలి, అదే తేరుకోవడం. పని గురించి ఆలోచిస్తూనే ఉంటే అవి సరిగ్గా దిగవు. జబీనే జొన్నెన్‌టాగ్ అనే జర్మన్ మనస్తత్వ శాస్త్రవేత్త ఈ విషయం మీద ఏళ్ళ తరబడి పనిచేశారు. 2007లో ఆమె, షార్లట్ ఫ్రిట్జ్ కలిసి, మనిషి పని నుంచి తేరుకోవడానికి తోడ్పడే అనుభవాలను నాలుగుగా విడదీశారు. పని నుంచి మనసు పూర్తిగా బయటికి రావడం మొదటిది. ఒళ్ళూ మనసూ సేదదీరడం రెండోది. ఆఫీసుతో సంబంధం లేనిదేదైనా కొత్తగా నేర్చుకుని, కాస్త చేయి తిరగడం మూడోది. ఈ సమయం నాది, ఏం చేయాలో నేనే నిర్ణయించుకుంటాను అన్న పట్టు నాలుగోది. వీటిలో ‘ఎక్కడికి వెళ్ళాలి’ అనేది లేదు చూడండి. మీ సెలవులో రెండోది కొంచెం దొరికి ఉంటుంది. మొదటిది, నాలుగోది దొరకనే లేదు, ఎందుకంటే మీ సమయం మీ ఇన్‌బాక్స్ చేతిలో ఉంది.

‘సరే, ఈసారి మెయిల్ చూడను’ అని గట్టిగా అనుకుంటే సరిపోతుందా? సరిపోదు. ఈ మాట నా దగ్గరికి వచ్చినవాళ్ళకి చాలాసార్లు చెప్పాను, ఇప్పుడు మీకూ చెప్తాను. పని ఎంత ఎక్కువగా ఉంటే దాన్నుంచి మనసు తప్పించుకోవడం అంత కష్టం. అంటే విశ్రాంతి ఎవరికి అందరికన్నా ఎక్కువ కావాలో వాళ్ళకే అది అందదు. జొన్నెన్‌టాగ్ దీన్ని కూడా ప్రత్యేకంగా ఎత్తి చూపారు. అలాంటి స్థితిలో ఉన్న మనిషిని మనోబలంతో ఫోన్ ముట్టుకోకుండా ఉండమంటే అది ఇంకో భారం. కాబట్టి మనసుని బుజ్జగించడం కన్నా పనికి ఒక దారి చూపించడం మేలు. 2011లో మసికాంపో, బామైస్టర్ అనే ఇద్దరు పరిశోధకులు చేసిన ప్రయోగాలు దీనికి బాగా సరిపోతాయి. సగంలో ఉన్న పనులు వేరే పని చేస్తున్నప్పుడు కూడా మధ్యలో తలలోకి దూరుతాయని వాళ్ళు చూశారు. అయితే ఆ పనిని ఎప్పుడు, ఎలా చేయాలో స్పష్టంగా ఒక ప్లాన్ వేసుకున్నవాళ్ళకి ఆ బెడద పోయింది. పని పూర్తవలేదు, ప్లాన్ మాత్రమే పడింది. మనసుకి ఆ మాత్రం హామీ చాలు.

అందుకే సెలవుకి వెళ్ళేవాళ్ళందరినీ నేను అడిగే ప్రశ్న ఒకటే: పని ఎవరికి అప్పజెప్పారు? ‘టీమ్ చూసుకుంటుంది’ అంటే ఎవరూ చూసుకోరని అర్థం. ఒక కాగితం తీసుకోండి, నాలుగు గళ్ళు గీయండి. మొదటి గడిలో పని పేరు. రెండో గడిలో అది ఇప్పుడు ఎక్కడిదాకా వచ్చింది, సంబంధించిన ఫైలు ఎక్కడుంది. మూడో గడిలో ఒకే ఒక్క మనిషి పేరు, ఇద్దరి పేర్లు వద్దు. నాలుగో గడిలో, మిమ్మల్ని అడక్కుండా ఆ మనిషి సొంతంగా ఎంతదాకా నిర్ణయం తీసుకోవచ్చో రాయాలి. ఉదాహరణకి, ‘క్లయింట్ గడువు కన్నా ముందే ఇమ్మంటే రెండు రోజుల దాకా ఒప్పుకో. అంతకన్నా ఎక్కువ అడిగితే మేనేజర్‌తో మాట్లాడు.’ ఈ నాలుగో గడి లేకుండా చాలామంది హ్యాండోవర్ ఇస్తారు. పని ఇచ్చి అధికారం ఇవ్వకపోతే ఆ మనిషి ఏం చేస్తాడు? మీకే ఫోన్ చేస్తాడు. చేయక ఏం చేస్తాడు పాపం! తప్పు అతనిది కాదు.

కాగితం అడుగున ఒక గీత గీసి, మీరు వచ్చేదాకా ఎవరూ ముట్టుకోనక్కర్లేని పనులు రాయండి. ఎదురుగా ఏ తేదీన మొదలుపెడతారో వేయండి. ఈ జాబితా పొడుగ్గానే ఉంటుంది. రోజూ మనం తరుముకుంటూ చేసేవాటిలో వారం ఆగినా ఏమీ కానివి ఎన్నో ఉంటాయి, అవన్నీ ఒకచోట రాసి చూస్తేనే తెలుస్తుంది. సెలవుకి ముందురోజు సాయంత్రం హడావుడిగా కాకుండా వారం ముందే దీన్ని మొదలుపెట్టండి. పని తీసుకునే మనిషిని ఎదురుగా కూర్చోబెట్టుకుని, ఆ కాగితం ఆయన చేత పైకి చదివించండి. అలా చదువుతున్నప్పుడే ‘మరి ఇది ఇలా అయితే?’ అని రెండు మూడు సందేహాలు వస్తాయి. సెలవులో మీకు రాబోయే ఫోన్లు అవే.

అత్యవసరం అంటే ఏమిటో కూడా ముందే తేల్చేయండి. దానికి ఒక మనిషి, ఒక ఫోన్ కాల్. మెయిల్ కాదు, గ్రూపులో మెసేజ్ కాదు. నిజంగా కొంప మునిగితే ఫోన్ మోగుతుందని తెలిసినప్పుడు, మోగనంతసేపూ నిశ్చింతగా ఉండొచ్చు. ఫోన్లోంచి ఆఫీసు మెయిల్ యాప్ తీసేయండి. నోటిఫికేషన్లు ఆపడం చాలదు, ఆ గుర్తు కనపడితే వేలు దానంతట అదే వెళ్తుంది. లాప్‌టాప్ ఇంట్లోనే పెట్టి వెళ్ళండి.

ఇప్పుడు ఎన్ని రోజులు అన్న సంగతి. పరిశోధకురాలు యెసికా డె బ్లూమ్, ఆమె సహచరులు సగటున 23 రోజుల సెలవు తీసుకున్న ఉద్యోగులను గమనించి 2013లో ఫలితాలు ప్రచురించారు. సెలవు మొదలవగానే వాళ్ళ ఆరోగ్యం, ఉత్సాహం త్వరత్వరగా మెరుగుపడి ఎనిమిదో రోజుకి శిఖరానికి చేరాయి. పొయ్యి కట్టేసినా గిన్నె వెంటనే చల్లారదు కదా, కొన్ని రోజులు పట్టడం సహజమే. అయితే అదే అధ్యయనంలో ఇంకో సంగతి కూడా తేలింది. పనిలోకి తిరిగొచ్చిన మొదటి వారంలోనే ఆ మెరుగు మొత్తం కరిగిపోయి పాత స్థితికి వచ్చేశారు. 23 రోజులు తీసుకున్నవాళ్ళకే అలా అయితే, వారం తీసుకున్న మీరు మూడో రోజుకి నీరసపడటంలో వింతేమీ లేదు. ‘సెలవు నాకు పడదు’ అని అనుకోకండి. దీన్నుంచి నేను తీసుకున్న పాఠం ఇది: ఏళ్ళ తరబడి సెలవులు కూడబెట్టి ఒకేసారి వాడితే అంతటి లాభమూ రాదు. ఏడాదిలో ఒకసారి కనీసం పది రోజులు, మధ్యమధ్య మూడు నాలుగు రోజులవి కొన్ని పెట్టుకుంటే ఒంటికి విశ్రాంతి వరసగా అందుతుంది.

తిరిగి వచ్చే రోజు గురించి ఎవరూ ఆలోచించరు. రాత్రి ఇంటికి చేరి పొద్దున్నే ఆఫీసుకి పరిగెత్తేలా టిక్కెట్లు తీసుకోకండి. ఒక రోజు మధ్యలో ఉంచుకోండి, బట్టలు ఉతుక్కోవడానికీ నిద్ర సరిచేసుకోవడానికీ. పనిలో చేరిన మొదటి రోజు మీటింగులు పెట్టుకోవద్దు. మెయిల్ తెరవకముందే మూడో గడిలో పేరున్నవాళ్ళతో పావుగంట మాట్లాడండి, ఏం జరిగిందో వాళ్ళే చెప్తారు. తర్వాత మెయిళ్ళు పాతవాటి నుంచి కాకుండా కొత్తవాటి నుంచి చదవండి. పాతవాటిలో చాలా గొడవలు అప్పటికే తేలిపోయి ఉంటాయి. మొదటి వారం ఆలస్యంగా కూర్చోకుండా వేళకి ఇంటికి వెళ్ళడం కూడా సెలవులో భాగమే అనుకోండి.

ఇదే పద్ధతి చిన్నగా రోజూ చేయొచ్చు. సాయంత్రం పని ముగించి సీట్లోంచి లేచే ముందు పది నిమిషాలు కూర్చుని, ఏవి సగంలో ఉన్నాయి, రేపు ముందుగా ముట్టుకునేది ఏది అని రాసి లేవండి. సాయంత్రాలు ఎంత తేలికపడతాయో మీరే చూస్తారు. నిజం చెప్పాలంటే, ఏడాదికి ఒక మంచి సెలవు కన్నా వారంలో నాలుగు మంచి సాయంత్రాలే మనిషిని ఎక్కువ నిలబెడతాయని నా నమ్మకం.

ఉద్యోగం మానేయడం గురించి: అలసిపోయి ఉన్నప్పుడు ఆ నిర్ణయం తీసుకోకండి. ముందు పైన చెప్పినట్టు ఒక్క అసలైన సెలవు తీసుకోండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో బర్నవుట్‌ని, అంటే పని ఒత్తిడితో మనిషి పూర్తిగా చితికిపోవడాన్ని, పనికి సంబంధించిన సమస్యగా వివరించింది, దాన్ని జబ్బుల లెక్కలో వేయలేదు. చూడమన్న లక్షణాలు మూడు: శక్తంతా హరించుకుపోయినట్టు ఉండటం, చేసే పని మీద విముఖత లేదా నమ్మకం లేకపోవడం, ముందు సులువుగా చేసిన పనినే చేయలేకపోతున్నామనిపించడం. సెలవు నుంచి వచ్చాక కూడా మూడూ అలాగే ఉంటే లోపం పని బరువులో ఉందని అర్థం. అప్పుడు ఆ నాలుగు గళ్ళ కాగితమే మేనేజర్ ముందు పెట్టండి. ఒక మనిషి నెత్తిన ఎన్ని పనులున్నాయో దానికన్నా స్పష్టంగా ఏదీ చూపించదు. ఏవి తీసేస్తారో, ఎవరికి ఇస్తారో అడగండి. అప్పటికీ ఏమీ మారకపోతే ఉద్యోగం సంగతి నిదానంగా ఆలోచించవచ్చు.

ఒక్క మాట మాత్రం ఆలస్యం చేయకుండా వినండి. రెండు వారాలు దాటి రోజూ దిగులుగా ఉంటే, ఇష్టమైనవి కూడా చప్పగా అనిపిస్తే, నిద్రా ఆకలీ తప్పితే, అది సెలవుతో తీరేది కాకపోవచ్చు. డిప్రెషన్ కావచ్చు, దానికి మంచి వైద్యం ఉంది, డాక్టర్ని కలవండి. బతకాలనిపించడం లేదన్న ఆలోచన వస్తే ఆ రోజే ఇంట్లోవాళ్ళకి చెప్పి డాక్టర్ దగ్గరికి వెళ్ళండి.

ప్రశ్న: పని రోజుల్లో నేను గుండ్రాయిలా ఉంటాను. సెలవు మొదలైన మర్నాటికే తలనొప్పి, ఒళ్ళు నొప్పులు, ఒక్కోసారి జలుబు. సెలవంతా మంచంలోనే. ఆఫీసుకి వెళ్ళగానే తగ్గిపోతుంది. మా ఇంట్లో నన్ను ఎవరూ నమ్మడం లేదు. ఇది నిజంగా ఉంటుందా డాక్టరు గారూ, లేక నా భ్రమా?

జవాబు: ఉంటుంది బాబూ, నేను నమ్ముతున్నాను. నెదర్లాండ్స్‌లో ఆట్ వింగర్‌హూట్స్ అనే పరిశోధకుడు, ఆయన బృందం 2002లో దీని గురించి రాశారు. వారాంతాల్లో, సెలవుల్లో మాత్రమే ఒంట్లో బాగుండదని చెప్పేవాళ్ళను వాళ్ళు గమనించారు. పని భారం ఎక్కువగా ఉన్నవాళ్ళలో, బాధ్యత బాగా నెత్తికెత్తుకునేవాళ్ళలో, పని నుంచి విశ్రాంతికి సులువుగా మారలేనివాళ్ళలో అది కనిపించింది. మైగ్రేన్ ఉన్నవాళ్ళ మీద 2014లో వచ్చిన ఒక అధ్యయనంలో, ఒత్తిడి ఒక్కసారిగా తగ్గాక వచ్చే కొన్ని గంటల్లో నొప్పి మొదలయ్యే అవకాశం పెరుగుతుందని తేలింది.

అయితే ముందు రెండు మామూలు సంగతులు చూసుకోండి, చాలాసార్లు దొంగ అక్కడే దొరుకుతాడు. ఆఫీసులో రోజుకి ఎన్ని కాఫీలు తాగుతారు? సెలవు రోజు ఎన్ని? కాఫీ అలవాటున్న మనిషి ఒక్కసారిగా మానేస్తే 12 నుంచి 24 గంటల్లో తలనొప్పి, నీరసం, చిరాకు మొదలవుతాయి. ఒకటి రెండు రోజుల్లో అవి బాగా ముదురుతాయి, మొత్తం తగ్గడానికి వారం దాకా పట్టవచ్చు. మీ సెలవు తలనొప్పి వేళకి ఇది అచ్చంగా సరిపోతుంది. మానాలనుకుంటే సెలవుకి రెండు వారాల ముందు నుంచీ కొద్దికొద్దిగా తగ్గించండి. లేదా సెలవు మొదటి రోజుల్లో కూడా అదే వేళకి తాగండి.

రెండోది నిద్ర. పని రోజుల్లో అయిదున్నర గంటలు పడుకుని సెలవు మొదటి రోజు మధ్యాహ్నం దాకా లేవకపోతే ఒంట్లో గడియారం గందరగోళమవుతుంది. పెద్దవాళ్ళకి కనీసం ఏడు గంటల నిద్ర కావాలి. ఆ లోటుని తీర్చుకోవాలంటే పొద్దున ఆలస్యంగా లేవడం కాకుండా రాత్రి ముందే పడుకోండి. లేచే వేళ గంటకి మించి మార్చకండి.

ఇక పని వైపు. సెలవుకి ముందు వారం మీరు పన్నెండేసి గంటలు కూర్చుని అన్నీ ముగించి, ఆ రాత్రి దబ్బున పడిపోతున్నారేమో చూసుకోండి. మీ ఉత్తరం చదివితే నాకు అలాగే అనిపించింది. అన్నీ ముగించి వెళ్ళాలన్న పట్టుదల వదలండి, పైన ఆ అమ్మకి చెప్పిన కాగితం మీకూ పనికొస్తుంది. వీలైతే సెలవుకి ముందు రెండు రోజులు పని తగ్గించుకుంటూ రండి. సెలవు మొదటి రోజు రోజంతా పడుకోకుండా అరగంట నడవండి. ఇవన్నీ చేసినా నొప్పి వస్తూనే ఉంటే, లేదా తలనొప్పి ఎన్నడూ లేనంత తీవ్రంగా వస్తే, చూపు మసకబారితే, ఛాతీలో నొప్పి ఉంటే సెలవు మీదకి నెట్టేయకండి, వెంటనే చూపించుకోండి.

ప్రశ్న: మీరు అందరూ లీవ్ లీవ్ అంటారు. నాకు లీవ్ ఇచ్చేవాళ్ళెవరు? నేను ఒక్కదాన్నే ఇంట్లోంచి అకౌంట్స్ పని చేసుకుంటాను. పని చేసిన రోజే డబ్బు. అప్పజెప్పడానికి పక్క సీటు లేదు. ఆదివారం కూడా కూర్చుంటాను. వేళ్ళు కీబోర్డు మీద ఉంటాయి, బుర్ర మాత్రం పనిచేయదు. ఇలా ఎన్నాళ్ళు లాగగలను?

జవాబు: మీ కోపం న్యాయమైనదమ్మా. సెలవు గురించి రాసేవాళ్ళం జీతాలవాళ్ళను మనసులో పెట్టుకునే రాస్తాం. మీకు మాత్రం సెలవుకి రెండు ఖర్చులు, వెళ్ళిన ఖర్చు ఒకటి, పోయిన ఆదాయం ఇంకొకటి. కాబట్టి మీ సంగతి వేరుగా మాట్లాడాలి.

ముందు గంటలు లెక్కేయండి. ఒక్క వారం, కూర్చున్న వేళా లేచిన వేళా రాయండి, ఆదివారంతో సహా. ఎందుకంటే ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి 2021లో ఒక అంచనా ఇచ్చాయి. వారానికి 55 గంటలు, అంతకు మించి పనిచేసేవాళ్ళకి, 35 నుంచి 40 గంటలు చేసేవాళ్ళతో పోలిస్తే పక్షవాతం ముప్పు 35 శాతం, గుండె రక్తనాళాల జబ్బుతో చనిపోయే ముప్పు 17 శాతం ఎక్కువ. మిమ్మల్ని భయపెట్టాలని చెప్పడం లేదు. సెలవు తీసుకుంటే పోయే ఆదాయం మీకు కనపడుతోంది, తీసుకోకపోతే పోయేది కనపడటం లేదు. అది కూడా లెక్కలో ఉండాలి కదా, మీరు లెక్కల మనిషి.

ఆదివారం నుంచి మొదలుపెట్టండి. రోజు మొత్తం కుదరకపోతే మధ్యాహ్నం నుంచి. ‘బుర్ర పనిచేయదు’ అని మీరే రాశారు. ఆ గంటల్లో చేసిన పనిలో తప్పులు ఎన్ని పడ్డాయో, సోమవారం వాటిని సరిదిద్దడానికి ఎంతసేపు పట్టిందో గుర్తు తెచ్చుకోండి. మీరు ఆదివారం సంపాదించేది మీరు అనుకున్నంత ఉండదని నా అనుమానం.

పెద్ద సెలవుకి మాత్రం ఏడాది ముందు చూపు కావాలి. మీ పనిలో ఒత్తిడి నెలలు ఏవో, ఖాళీ నెలలు ఏవో మీకు తెలుసు. ఖాళీ నెలలో ఒక వారాన్ని ఇప్పుడే గుర్తుపెట్టి, క్లయింట్లకి రెండు నెలల ముందే రాయండి. ‘ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ దాకా ఆఫీసు మూసి ఉంటుంది. కాగితాలు ఈ తేదీలోగా పంపితే ముందే పూర్తి చేస్తాను, తర్వాత వచ్చినవి ఈ తేదీన మొదలుపెడతాను.’ క్షమాపణలు, కారణాలు రాయనక్కర్లేదు. చాలామంది క్లయింట్లకి కావాల్సింది వాళ్ళ పని ఎప్పుడు అవుతుందన్న తేదీ. ఆ వారం ఆదాయాన్ని మిగిలిన నెలల మీద సర్ది, ప్రతి బిల్లులోంచి కాస్త విడిగా పెట్టండి. జీతాలవాళ్ళకి యజమాని చేసే పని అదే, మీకు మీరే చేసుకోవాలి. మీలాగే ఒంటరిగా ఇదే పని చేసేవాళ్ళు ఒకరు తెలిసుంటే ఒప్పందం చేసుకోండి, మీ సెలవులో అత్యవసరాలు వాళ్ళు, వాళ్ళ సెలవులో మీరు.

రోజువారీ విషయానికొస్తే, గంటకోసారి లేచి అయిదు నిమిషాలు కిటికీ దగ్గర నిలబడండి, ఫోన్ లేకుండా. పది నిమిషాల లోపు చిన్న విరామాలు కూడా అలసటను తగ్గించి హుషారు పెంచుతాయని 2022లో పలు అధ్యయనాలను కలిపి చూసినవాళ్ళు చెప్పారు. బుర్ర బాగా పెట్టాల్సిన పనికి మాత్రం అంతకన్నా ఎక్కువ విరామం కావాలన్నారు. మీది అలాంటి పనే. కాబట్టి మధ్యాహ్నం ఒక ముప్పావు గంట గది మారండి. పనిచేసే బల్ల, తినే బల్ల ఒకటే అయితే కనీసం సాయంత్రం కంప్యూటర్ మూసి, కళ్ళకి కనపడని చోట పెట్టండి.

ప్రశ్న: ఉద్యోగంలో చేరి రెండేళ్ళయింది. లీవులు మిగిలిపోతున్నాయి. అడగాలంటే మొహమాటం. నేను వెళ్తే నా పని పక్కవాళ్ళ మీద పడుతుంది కదా అని తప్పు చేస్తున్నట్టు ఉంటుంది. మా సీనియర్ ఒకాయన తనకి లీవు అక్కర్లేదని గొప్పగా చెప్పుకుంటారు.

జవాబు: నాయనా, సెలవు మీ మేనేజర్ దయ కాదు. 1948 నాటి విశ్వ మానవ హక్కుల ప్రకటన 24వ అధికరణం, విశ్రాంతి, తీరిక, పరిమితమైన పని గంటలు, మధ్యమధ్య జీతంతో కూడిన సెలవులు ప్రతి మనిషి హక్కు అని చెప్తుంది. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1970లో చేసిన 132వ ఒడంబడిక ఏడాది పనికి కనీసం మూడు పని వారాల సెలవు ఉండాలంది. సెలవుని ముక్కలు చేసినా, వేరే ఒప్పందం లేకపోతే, ఒక ముక్క రెండు వారాలకి తగ్గకుండా ఏకబిగిన ఉండాలంది. ఆ కనీస సెలవుని వదులుకుంటామని గానీ, బదులు డబ్బు తీసుకుంటామని గానీ రాసుకునే ఒప్పందాలు చెల్లకూడదని కూడా చెప్పింది. అన్ని దేశాలూ దాన్ని ఆమోదించలేదు, మీ సంస్థ నియమాలు మీరు చదువుకోవాలి. నేను చెప్పేది దాని వెనకున్న ఆలోచన. అలిసిన మనిషి తన సెలవుని తానే అమ్ముకుంటాడని, అడగడానికి జంకుతాడని ఆ ఒడంబడిక రాసినవాళ్ళకి ముందే తెలుసు.

మీ సీనియర్ గురించి నేనేమీ అనను, ఆయన సంగతి ఆయనది. కానీ ఒకళ్ళు ఎప్పుడూ సెలవు పెట్టకపోతే వాళ్ళ పని ఇంకెవరికీ రాదు. వాళ్ళకి హఠాత్తుగా జ్వరం వస్తే ఆ రోజు అందరూ ఇబ్బంది పడతారు. చెప్పి, అప్పజెప్పి వెళ్ళేవాళ్ళ వల్ల పక్కవాళ్ళకి ఆ పని తెలుస్తుంది.

మొహమాటానికి మందు ఏమిటంటే, ‘ఎప్పుడైనా వీలైతే ఒక వారం కావాలి’ అని అడగకపోవడం. అలా అడిగితే వీలు ఎప్పటికీ రాదు. నెలన్నర ముందు, తేదీలు వేసి, నాలుగు గళ్ళ కాగితం జతచేసి పంపండి. ఎవరికి పని ఇస్తున్నారో వాళ్ళతో ముందే మాట్లాడండి. వాళ్ళు సెలవు పెట్టేటప్పుడు వాళ్ళ పనిలో ఏ భాగం మీరు తీసుకుంటారో కూడా ఆ మెయిల్లోనే రాయండి.